వాళ్ళ ఆయ్, మన ఆయ్

మా ఇంట్లో బంతి అంటే పెరట్లో పూసే పువ్వు, లేదంటే పెళ్ళిలో భోజనాల వరస. కాలితో తన్నే బంతి కూడా ఒకటుందని తెలుసు గానీ దాంతో మాకేం పని? మా వైపు కుర్రాళ్ళు సాయంత్రమైతే వాలీబాలు ఆడతారు, సెలవొస్తే క్రికెట్టు ఆడి మా కిటికీ అద్దాలు పగలగొడతారు. అలాంటిది, రాజోలు దగ్గర ఒక పెంకుటింట్లో ఉండే అత్తాకోడళ్ళం ఒక కొలంబియా కుర్రాడి మోకాలి గురించి అన్నం సహించక కూర్చున్న రోజులున్నాయి. చెబితే నవ్వుతారు. నవ్వండి, మొదట్లో మేమూ నవ్వుకున్నాం.

మా ఆయన అప్పట్లో గల్ఫ్‌లో డ్రైవరు. మొదట ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని బడికి దింపే పని చేశారు. తర్వాత ఎవరో చెబితే ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో చేరారు. ఆ క్లబ్బు ఎక్కడెక్కడి దేశాల నుంచో ఆటగాళ్ళను తెచ్చుకుంటుంది. ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఒక కారు, ఒక డ్రైవరు. మా ఆయన వాటాకి ఈ కుర్రాడు వచ్చాడు. ఆటగాడు ఉన్నన్నాళ్ళే డ్రైవరుకి పని, అతను వెళ్ళిపోతే ఈయనా పెట్టె సర్దుకోవాల్సిందే. ఇక్కడ నేను ఎన్ని జాకెట్లు కుట్టినా ఇల్లు గడవడం ఆయన పంపేదాని మీదే. అంటే ఆ పిల్లాడి కాళ్ళు బాగుంటేనే మా పొయ్యి మీద ఎసరు ఉంటుందని మాకు మొదటి రోజే అర్థమైంది.

ఆయన ఫోన్లో కొలంబియా అన్నారు. నేను అత్తయ్యగారికి చెప్పేసరికి అది కొలంబో అయిపోయింది. మా వీధి నుంచి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది కొలంబోలో విమానం మారతారు. కాబట్టి ఆవిడకి ఆ ఊరు తాటిపాక సెంటరంత పరిచయం.

"కొలంబోనా? మన పక్కనే కదే. సముద్రం దాటితే ఆళ్ళూరే."

"కొలంబో కాదండీ, కొలంబియా. భూమికి అటేపు ఉంటదంట."

"నువ్వూరుకో. మన పక్కింటి పిల్ల అక్కడ దిగి టీ తాగి వచ్చింది. నాకు చెబుతావేంటి?"

ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. నేనూ గెలవలేదు.

ఇక ఆయ్ సంగతి. మా గోదావరి వాళ్ళకి ఆయ్ లేకుండా మాట సాగదు. వింటున్నామనడానికి ఆయ్, సరేననడానికి ఆయ్, ఔననడానికి ఆయ్. ఎడారిలో ఎన్నేళ్ళున్నా మా ఆయన నోట్లోంచి ఆ మాట పోలేదు. విమానాశ్రయంలో కుర్రాణ్ణి ఎక్కించుకున్న రోజు, అతను వచ్చీరాని ఇంగ్లీషులో ఇల్లెంత దూరం, మంచినీళ్ళున్నాయా అని అడుగుతుంటే ఈయన ప్రతిదానికీ "ఆయ్ సార్, ఆయ్" అన్నారట. కుర్రాడు కంగారుపడిపోయాడు. తన కడుపు మీద చెయ్యేసుకుని ఇక్కడా అన్నట్టు చూశాడట. పాపం ఆకలేస్తోంది కాబోలనుకుని ఈయన మళ్ళీ ఆయ్. తల పట్టుకుని చూపిస్తే మళ్ళీ ఆయ్. మర్నాడు ఆ పిల్లాడే ఈయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి క్లబ్బు డాక్టరు ముందు కూర్చోబెట్టాడు. డాక్టరు బీపీ చూసి, కడుపు నొక్కి, రోగమేమీ లేదని పంపేశాక, ఇద్దరూ ఫోన్లో అనువాదం పెట్టుకుని విషయం తేల్చుకున్నారు. వాళ్ళ భాషలో ఆయ్ అంటే మన అబ్బా, మన అమ్మో. దెబ్బ తగిలితే అరిచే మాట అది.

ఇది విన్న రోజు నేను కుట్టుమిషను ఆపేసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను. అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు.

"డ్రైవరుకి నొప్పి చేసిందని డాక్టరు దగ్గరికి అట్టుకెళ్ళేడా? ఎవరు కన్న పిల్లాడో గానీ బంగారం," అన్నారు.

అప్పటినుంచి అతను ఆవిడ మనిషి అయిపోయాడు. సెలవు రోజున మా ఆయన వీడియోలో మాట్లాడుతుంటే పక్కనుంచి తల పెట్టి "ఆయ్ అండీ!" అని అరిచేవాడు. ఈవిడ కూడా "ఆయ్, ఆయ్ నాయనా, తిన్నావా?" అనేవారు. అతనికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆయ్ అనేవాడు.

ఒకసారి తన ఊరి ఫోటోలు చూపించాడు. కొబ్బరిచెట్లు, వెడల్పాటి నది, రేవులో ఏరు దాటించే పంటు మీద మనుషులూ బళ్ళూ. ఆ రేవు దగ్గర వాళ్ళమ్మ చేపలు వేయించి అమ్ముతుంది. కొబ్బరిపాలు పోసి అన్నం వండుతుందట. అత్తయ్యగారు నా వైపు తిరిగి, "చూసేవా? కొలంబో కాదన్నావు!" అన్నారు. ఆ ఫోటో చూపించి మా వీధిలో ఎవరిని అడిగినా అది మన ఏటిగట్టే అంటారు. 

అతని కథ కారులో ముక్కలుగా మా ఆయనకీ, అక్కణ్ణుంచి నాకూ చేరింది. రేవు పక్కన ఇసుకలో చెప్పుల్లేకుండా ఆడుకునేవాణ్ణి చూసి ఒక క్లబ్బు మనిషి కొండల మీది పెద్ద ఊరికి తీసుకెళ్ళాడట. అక్కడ చలికి వణికిపోయేవాడట. మా కోనసీమ పిల్లాణ్ణి ఊటీలో వదిలేస్తే ఎలా ఉంటుందో అనుకున్నాను. తర్వాత మెక్సికో, తర్వాత పోర్చుగల్. ఒక ఊరికి అలవాటు పడేలోగా ఇంకో క్లబ్బుకి ఇచ్చేసేవారు. ఎక్కడా పెట్టె అడుగుదాకా ఖాళీ చేయలేదన్నాడట. దేశం తరఫున ఒక్కసారి పిలుపొచ్చింది. ఆట సాంతం బల్ల మీదే కూర్చోబెట్టి ఇంటికి పంపేశారు. ఆ చొక్కా తీసుకెళ్ళి వాళ్ళమ్మకి ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఇప్పటికీ ఉతకలేదట. ఉతకడానికి అందులో చెమట ఉంటే కదా అని అతనే నవ్వాడట. గుడ్డలు కుట్టేదాన్ని కదా, చెమట పట్టని ఆ చొక్కా నాకు చాలా రోజులు మనసులో మెదిలింది.

మొదటి ఏడు బాగా ఆడాడు. కుడి పక్కనుంచి పరిగెత్తే ఆట అతనిది. అన్నాలు తిన్నాక ఫోను మిషను మీద ఆనించి అత్తాకోడళ్ళం చూసేవాళ్ళం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. రెఫరీ మావాడికి చేసే అన్యాయం అని మాత్రం తెలుసు. మావాడు గోలు కొడితే అత్తయ్యగారు కిటికీలోంచి పక్కింటివాళ్ళకి కేకేసి చెప్పేవారు. గోలంటే ఏమిటో తెలియని వాళ్ళు కూడా సంతోషించేవారు. వచ్చే ఏడు కూడా అతన్ని ఉంచుకుంటారని మా ఆయన ధైర్యంగా చెప్పారు. మేం ఇంటికి కొత్త పెంకు వేయించడం గురించి మాట్లాడుకున్నాం.

రెండో ఏడు మొదట్లోనే ఒక ఆటలో, ఎవరూ తాకకుండానే, పరిగెత్తుతూ పరిగెత్తుతూ కూలిపోయాడు. నేను మిషను దగ్గర లేచి నిలబడ్డాను. కెమెరా అతని మొహం దగ్గరికి వెళ్ళింది. జనం గోలలో ఏమీ వినపడలేదు గానీ నోరు కదలడం కనపడింది.

"ఆయ్ అంటన్నాడు చూడు," అన్నారు అత్తయ్యగారు. "లేత్తావా అని అడిగుంటారు. లేత్తాడులే, కంగారు పడకు."

ఆ మాటకి వాళ్ళ అర్థం ఆవిడకీ చెప్పాం. ఆవిడ ఎప్పుడో మర్చిపోయారు. ఆవిడకి తెలిసింది మన ఆయ్ ఒక్కటే. అతన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్ళేదాకా ఆవిడ అలాగే ధీమాగా కూర్చున్నారు. 

మోకాలి లోపల నరమేదో తెగిందని, ఆపరేషనని మర్నాడు తెలిసింది. అత్తయ్యగారు వెంటనే ఊరి అమ్మవారికి మొక్కుకున్నారు. పిల్లాడు మళ్ళీ ఆడితే వెండి కాలు సమర్పిస్తానన్నారు. మొక్కు తీరాక కదా చేయించాలి అంటే వినలేదు. ముందే చేయించి ఇంట్లో పెట్టుకుంటే అమ్మవారు తొందరపడుతుందట. తన పాత పట్టీలు తీసుకుని రాజోలులో కంసాలి దగ్గరికి నన్ను లాక్కెళ్ళారు. "కుడికాలాండీ, ఎడంకాలాండీ?" అని కంసాలి అడిగాడు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. అక్కణ్ణుంచే గల్ఫ్‌కి ఫోను చేసి కుడికాలని తెలుసుకున్నాం. వేలెడంత కాలు, మోకాలి దాకా చేసిచ్చాడు. ఆవిడ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచారు.

ఆపరేషన్ అయ్యాక రోజూ ఉదయం అతన్ని వ్యాయామానికి తీసుకెళ్ళి, గంటల తరబడి బయట కాచుకుని, తీసుకురావడమే మా ఆయన పని. కాలు వంచినప్పుడల్లా లోపల్నుంచి ఆయ్ అని వినపడేదట. ఒకరోజు తిరిగొస్తూ కారులో వెనకసీటులో ఏడ్చేశాడు. ఈయనకి ఏం చెయ్యాలో తోచక బండి పక్కకి ఆపి, నేను పంపిన కొబ్బరి లౌజు డబ్బా మూత తీసి అతని ఒళ్ళో పెట్టారు. మా అమ్మ కూడా ఇలాంటిదే చేస్తుందని ఏడుస్తూనే తిన్నాడట. నేను ఆ వారమే ఇంకో డబ్బా చేశాను. అటు వెళ్ళేవాళ్ళు దొరక్క అది పాడైపోయింది.

అతను మళ్ళీ మైదానంలోకి దిగాడు గానీ కాలు నిలబడలేదు. పరిగెత్తేవాడు, మలుపు తిరగలేకపోయేవాడు. కుడి పక్కకి క్లబ్బు ఇంకో కుర్రాణ్ణి తెచ్చుకుంది. ఏడు పూర్తయ్యాక ఇక అక్కర్లేదని మర్యాదగానే చెప్పారు. నీళ్ళు తాగేసి బొండాం విసిరేసినట్టు విసిరేశారు. నేను ఇక్కడ కూర్చుని వాళ్ళని నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. కొత్త కుర్రాడితో పాటు కొత్త డ్రైవరూ వచ్చాడు.

విమానాశ్రయంలో దింపిన రోజు మా ఆయన అతన్ని అడిగారట, మళ్ళీ ఆడతావు కదా అని. అతను కారులోంచి కాలు కింద పెడుతూ ఆయ్ అన్నాడు. పెట్టె లాక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన అక్కణ్ణుంచే నాకు ఫోను చేశారు.

"ఆయ్ అన్నాడే. మన ఆయ్యో, ఆళ్ళ ఆయ్యో తెలీలేదు నాకు," అన్నారు. 

కొద్ది వారాలకే ఆయనా వచ్చేశారు. ఇప్పుడు ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువులకి మేత వ్యాను తోలుతున్నారు. పెంకు పాతదే, వానొస్తే గిన్నెలు పెడతాం. ఆయన ఇంటికొచ్చారని సంతోషించానా అంటే, సంతోషించాను. అబద్ధమెందుకు? కానీ అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయి ఫోను చూసుకునే మనిషి ఎదురుగా ఉంటే ఆ సంతోషం ఎంతసేపని నిలుస్తుంది?

ఆ పిల్లాడు తన దేశంలో చిన్న క్లబ్బులో చేరాడు. అదే మోకాలు మళ్ళీ పోయింది. ఇంకో ఆపరేషన్ అయ్యాక, ముప్పై దాటకుండానే, ఆట మానేశాడు. ఆ సందేశం వచ్చినప్పుడు ఆయన వ్యాను శుభ్రం చేస్తున్నారు. నాకు చదివి వినిపించి, మళ్ళీ వెళ్ళి కడిగిన చోటే కడిగారు. అత్తయ్యగారికి చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. ఆవిడకి చూపు బాగా మందగించింది. అయినా ప్రతి వారం బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పసుపు గుడ్డ తడుముకునేవారు.

ఈమధ్య ఒకరోజు అతనే వీడియోలో పలకరించాడు. వాళ్ళమ్మ కొట్టు ముందు కూర్చున్నాడు, వెనక మూకుడులో చేపలు వేగుతున్నాయి. ఒళ్ళు చేశాడు. అత్తయ్యగారు గొంతు గుర్తుపట్టి మా ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"నాయనా, ఆడతన్నావా? ఆట, ఆట. ఆడతన్నావా?"

ఆట అన్న మాట అతనికి తెలుసు. మా ఆయన నేర్పినదే. అతను ఆవిడని చూశాడు, పక్కనున్న ఆయన్ని చూశాడు. ఫోను ఎక్కడో ఆనించినట్టున్నాడు, చేతులు రెండూ కనపడుతున్నాయి. కుడిచెయ్యి మెల్లగా మోకాలి మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"ఆయ్ అండీ," అన్నాడు.

అత్తయ్యగారు ఫోను కళ్ళకద్దుకున్నారు. "ఆడతన్నాడంట! అమ్మవారు నా మాట నిలబెట్టిందే!" అని వీధంతా వినపడేలా చెప్పారు. మర్నాడు పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, బియ్యం డబ్బాలోంచి వెండి కాలు తీసి ఆవిడే ముందు గడప దాటారు. మేమిద్దరం చెరోపక్కా చెయ్యి పట్టుకున్నాం. గుళ్ళో పళ్ళెంలో ఆ కాలు పెట్టగానే ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతూ ఉండిపోయారు.

పూజారిగారు కాలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మొక్కు తీరిందాండీ?" అని నన్ను అడిగారు.

"ఆయ్," అన్నాను.

మా ఆయన తల దించుకున్నారు. నేనన్నది ఎవరి ఆయ్యో ఆయనకి తెలిసింది.