నాయన చేనికి లావు టైర్ల బండి

నల్లరేగడి దారుల్లో పాత పికప్పు బండి వేసుకుని తిరగాలని ఉంది, ఏ టైర్లు వేయించమంటారని మనవడి స్నేహితులు నన్ను అడుగుతుంటారు. అడిగిన ప్రతిసారీ నాకు ఆ ఒక్క ప్రయాణమే గుర్తొస్తుంది. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. పక్షవాతంతో నాయనకు కుడి పక్క పడిపోయి, మాట కూడా ఆగిపోతే ఊరి నుంచి నంద్యాలలో అన్న ఇంటికి తెచ్చుకున్నాం. అయినా చిత్త వానలు వెలిసినప్పటి నుంచి ఎడమచేతి వేళ్ళు నలుపుతూ మా వైపు చూసేవాడు. గొర్రు కట్టి జొన్న ఎప్పుడు విత్తాలో ఏటా ఆయనే మట్టి పిసికి చెప్పేవాడు మరి. ఈసారి ఆ మట్టి ముట్టుకోకపోతే మనిషి దక్కడని అమ్మ ఏడుపు.

అన్న దగ్గర మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పికప్పు ఉండేది. దాని టైర్లు అరిగిపోతే అక్కడే ఒక కొట్టుకు పోయాం. కొట్టు సాయిబు రెండు రకాలు చూపించాడు.

"సన్నటివి ఎద్దులబండ్ల గాడిలో సక్కగా పడతాయి, కానీ ఎత్తి కుదేస్తాయి. లావుటివి మెత్తగా పోతాయి, గాడిలో పట్టవు. యాడికి పోతాండారు?"

"చేనికి," అన్నాడు అన్న.

"అయితే సన్నటివే."

"నాయన నడుము ఏం గావాల? లావుటివే ఏయించన్నా," అన్నాను.

"బండి సంగతి నీకేం తెలుసే?"

"నాయన సంగతి తెలుసు."

అన్న గొణుక్కుంటూనే లావు టైర్లు బిగించాడు. టైరుకూ మడ్గార్డుకూ మధ్య రెండు వేళ్ళు కూడా దూరలేదు.

తెల్లవారుతుండగా బయల్దేరాం. వెనక వరిగడ్డి మీద బొంత పరిచి, నాయన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడమవైపు నల్లమల సగం మబ్బులోనే ఉంది. బండి ఊయలలా ఊగుతుంటే నాకూ కళ్ళు మూతలు పడ్డాయి. పోతున్నామో, ఉన్నచోటే ఉంటే కొండలే నడుస్తున్నాయో తెలియలేదు. సిరివెళ్ళలో ఉగ్గాని తిన్నాం. నాయన రెండు ముద్దలు మింగాడు. ఎండ కాస్త ఎక్కేసరికి ఆళ్ళగడ్డ వచ్చింది. శిల్పుల ఉలి చప్పుళ్ళకు ఒకసారి కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

అక్కడినుంచి కోయిలకుంట్ల వైపు మళ్ళి, కొంత దూరం పోయాక బండ్ల బాట పట్టాం. సాయిబు మాటే నిజమైంది. లావు చక్రాలు గాడిలో దిగక గట్ల మీద ఒరిగాయి, నాయన ఒక పక్కకు జారాడు. అన్న తిట్టుకుంటూ బాట వదిలి పక్క చేలోకి తిప్పాడు. పది గజాలు పోయామో లేదో, మడ్గార్డుల్లో బంకమట్టి బిగుసుకుని చక్రాలు నిలిచిపోయాయి.

"చెప్తే ఇంటివా నువ్వు!" అని అన్న గునపం తీశాడు. విత్తని చేలన్నీ ఒకటే నలుపు. మా చేను ఎంత దూరముందో పట్నం చేరిన మాకిద్దరికీ తెలియలేదు. ఇంత దూరం తెచ్చీ చూపించలేకపోయామే అని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నా ఒళ్ళోంచి గొంతు లేచింది.

"ఎవుర్రా నా చేన్లో బండి తోలింది?"

బాట బురదైతే బండ్లవాళ్ళు మా చేను మూల తొక్కుకుంటూ పోయేవారు. ఏటా వాళ్ళతో నాయనకు అదే పోట్లాట. మేం దిగబడింది ఆ మూలలోనే.

"నేనే నాయనా," అన్నాడు అన్న, గునపం పట్టుకుని దొంగలా.

"నీ మొగం మండ! బాట లేదా నీకు?"

అన్న నవ్వుతూనే ఏడ్చాడు. చక్రంలోంచి పెకలించిన గడ్డ తెచ్చి నాయన ఎడమ అరచేతిలో పెట్టాను. పిసికాడు, వాసన చూశాడు.

"ఇంగా రెండు దినాలు ఆరాల. బేస్తారం గొర్రు కట్టమను."

ఆ పంట జొన్నరొట్టె నాయన తిన్నాడు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో ఆ వరిగడ్డి మీదే ఉన్నట్టుంటుంది, ఒళ్ళో ఆ బరువు, ఎడమవైపు ఆ కొండలు. మీరు ఆ వైపు పోతే వాన వెలిశాక నాలుగు రోజులు ఆగి పోండి. చక్రానికీ మడ్గార్డుకూ మధ్య పిడికిలి దూరే సన్నటి టైర్లే వేయించుకోండి, ఒక గునపం దగ్గర పెట్టుకోండి. వెనక నాయన పడుకుని ఉంటే మాత్రం లావుటివే.