అద్దమంటే అద్దమే

పంచదార పాకంలో నిమ్మకాయ పిండినప్పుడు లేచే పుల్లటి తీపి వాసన ఎక్కడ తగిలినా నా చూపు గోడ మీదికే పోతుంది. షామ్‌బర్గ్‌లో మా వంటగదిలోంచి గరాజ్‌లోకి వెళ్లే తలుపు పక్కన, తాళంచెవులు తగిలించే కొక్కేనికి పైన, పలకంత అద్దం ఒకటి వేలాడుతుంటుంది. అంచులు ఆకుపచ్చ, మధ్యలో అక్కడక్కడా బుడగలు, ఎడమ వైపు నుంచి చూసుకుంటే ముక్కు కాస్త పక్కకి జరుగుతుంది. వచ్చినవాళ్లంతా ఏ పాత సామాన్ల కొట్లో కొన్నారని అడుగుతారు. కొనలేదండీ, వండుకున్నాం అంటే నవ్వేస్తారు. నవ్వితే నవ్వనీండి. మిషిగన్ ఇసకతో, మా అమ్మ కాచిన పాకంతో, నా చిన్నప్పుడు మేం నిజంగా వండిన అద్దం అది.

అప్పుడు మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేవాళ్లం. ఎనభైల మొదట్లో అక్కడ తెలుగువాళ్లంటే ఒక్క హాల్లో ఇరుక్కుని సరిపోయేంత మంది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ బేస్‌మెంట్ మాకిచ్చేవారు, అక్కడ కీర్తనలు, ప్రసంగం, ఆ తర్వాత ఆంటీలందరూ తెచ్చిన పులిహోర, కోడికూర, ఆ కూర వాసనకి పై అంతస్తు నుంచి మెట్లు దిగి వచ్చే ఒకరిద్దరు అమెరికన్లు. ఆకులు రాలే రోజుల్లో యార్డంతా ఊడ్చి కుప్ప పోసి అందులోకి దూకేవాళ్లం, యాపిల్ మిల్లు దగ్గర వేడి డోనట్లు తిని చక్కెర అంటిన చేతులు కోటుకే తుడుచుకునేవాళ్లం. క్రిస్మస్ ముందు అమ్మ గులాబీ పువ్వులు వండితే నా స్కూల్ జాకెట్ జనవరి దాకా నూనె వాసనే కొట్టేది. నాన్న కార్ల ముందద్దాలు చేసే ప్లాంట్‌లో ఇంజనీరు. అమ్మ ఎవరికి చెప్పినా "మా ఆయన అద్దాలు చేస్తారండీ" అనేది. నా జడ అల్లాక "అద్దంలో చూసుకో రూతమ్మా" అనేదీ ఆవిడే. ఈ రెండు అద్దాలూ ఒకటి కాదని నాకెవరు చెప్పారు?

నాలుగో తరగతిలో మా టీచర్ మిసెస్ హార్పర్ ఒక పండగలాంటిది పెట్టింది. మన రాష్ట్రంలో దొరికే వాటితో, మన ఇంట్లోవాళ్లు చేసిన వస్తువు ఒకటి తేవాలి, తల్లో తండ్రో వచ్చి దాని సంగతి చెప్పాలి. ఒకడు చెర్రీ జామ్ అన్నాడు, ఒకమ్మాయి మేపుల్ సిరప్ అంది. నేను నిలబడి, మా నాన్న మిర్రర్స్ చేస్తాడు, మిషిగన్ ఇసకతోనే చేస్తాడు అని దర్జాగా చెప్పేశాను. టీచర్ మురిసిపోయింది. వెనక బెంచీలో డేవిడ్ అనేవాడు మాత్రం, మీ నాన్న కూడా మా నాన్నలాగే లేఆఫ్ అయ్యాడుగా, ఆయనిప్పుడు ఏమీ చెయ్యట్లేదు అన్నాడు. వాడు దెప్పాలని అనలేదు, వాళ్లింట్లో ఉన్నదే చెప్పాడు. నేను మాత్రం గబుక్కున కూర్చున్నాను.

నిజమే మరి. ఆ ఏడాది కార్ల అమ్మకాలు పడిపోయి, మళ్లీ పిలిచేదాకా ఇంట్లో ఉండమన్నారు నాన్నని. లేఆఫ్ అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. నాన్న రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, బూట్లకి పాలిష్ పెట్టుకుని, వాటిని తలుపు దగ్గర ఉంచి, కిటికీ పక్కన కూర్చుని మంచు చూసేవాడు. అన్నం తినమంటే తినేవాడు, మాట్లాడమంటే మాట్లాడేవాడు, అంతే.

స్కూల్లో జరిగింది చెబితే ముందు తెల్లబోయాడు.

"మిర్రర్ ఏంటే పిల్లా? నేను చేసేది గ్లాస్ కదా."

"అద్దమే కదా నాన్నా?"

పొయ్యి దగ్గర్నుంచి అమ్మ, అద్దమంటే అద్దమే, దాని తప్పేముంది అంది. నాన్నకి నవ్వాగలేదు. కిటికీకుండేదీ అద్దమే, మొహం చూసుకునేదీ అద్దమే, ముక్కు మీద పెట్టుకునేవీ అద్దాలే, ఇన్నిటికీ ఒక్క మాట పెట్టుకుని అమెరికా వచ్చాం అన్నాడు. రేపు టీచర్‌కి ఫోన్ చేసి సర్దిచెబుతాలే అన్నాడు. అప్పుడు డేవిడ్ అన్న మాట కూడా చెప్పాను. నాన్న తలుపు దగ్గరి బూట్ల వంక చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి అమ్మనడిగాడు, మన పంచదార ఎక్కడిది అని. ఎక్కడిదేంటి, కొట్లోది అంది అమ్మ. ప్యాకెట్ తిప్పి చూస్తే మిషిగన్‌లో పండే చక్కెర దుంపల పంచదార. "అయితే అద్దం అవుతుంది" అన్నాడు నాన్న. అద్దానికీ పంచదారకీ ఏం సంబంధమో మాకు అర్థం కాలేదు గానీ, నెలల తర్వాత నాన్న గొంతులో ఆ హుషారు విని ఇద్దరం తలాడించాం.

మా వెనకింట్లో స్టాన్ అని, కుండలు చెయ్యడం నేర్పి రిటైరైన టీచర్ ఉండేవాడు. ఆయన్ని నేను స్టాన్ అంకుల్ అనేదాన్ని, తన సొంత మేనకోడళ్లు కూడా అంత ప్రేమగా పిలవరని తెగ సంబరపడేవాడు. పెరట్లో షెడ్డు, షెడ్డులో గ్యాస్ బట్టీ. ఇసక కోసం వాళ్ల అన్న కాటేజీ ఉన్న సరస్సు ఒడ్డుకి పోయాం. మంచు పూర్తిగా కరగలేదు, అమ్మ చీర మీద కోటు, కోటు కింద స్నో బూట్లు, చేతిలో కాఫీ డబ్బా. ఆ ఇసకని ఇంట్లో బియ్యం కడిగినట్టు కడిగి, ఆరబెట్టి, పిండి జల్లెడలో పట్టాం. ఆ జల్లెడ నాకిక వద్దని అమ్మ ఒక దణ్ణం పెట్టేసింది. ఉత్తరాన గనుల సున్నపురాయి పొడి స్టాన్ అంకుల్ దగ్గర ఉంది. ఇసక తొందరగా కరగడానికి వేసే చాకలి సోడా కూడా ఆయన షెడ్డులో పాత డబ్బాలో దొరికింది. డెట్రాయిట్ కింద ఉప్పు గనులున్నాయనీ, ఆ ఉప్పుతో నది ఒడ్డున ఒకప్పుడు ఈ సోడా చేసేవారనీ నాన్న చెబితే, కాళ్ల కింద ఉప్పుందని నేను కొన్నాళ్లు మెల్లగా నడిచాను.

శనివారం పొద్దున బట్టీ వెలిగించారు. అన్నీ కలిపి, కొంచెం పగిలిన సీసాల ముక్కలు కూడా వేసి, మట్టి మూసలో పెట్టారు. సాయంత్రానికి అది తేనెలా కరిగింది. పాత ఇనప పొయ్యి పైపలక బాగా వేడి చేసి, దాని మీద పోసి, ఇనప గొట్టంతో చపాతీలా ఒత్తారు. నన్ను గుమ్మం దాటి రానివ్వలేదు. అక్కడికే వేడి చెంపలకి తగులుతోంది, అమ్మ తెచ్చిన మిరపకాయ బజ్జీలు స్టాన్ అంకుల్ కళ్లనీళ్లు పెట్టుకుంటూ తింటున్నాడు. ఇంతలో టప్పుమంది. చల్లగాలి తగిలి పలక రెండుగా చీలింది. నేను ఏడుపు మొహం పెట్టేసరికి నాన్న, మొదటి అట్టు పెనానికే అంటుకుంటుంది, ఊరుకో అన్నాడు. మిగిలింది పోసి, ఈసారి వెంటనే పక్కనే వేడి చేసి ఉంచిన చిన్న బట్టీలోకి తోసి తలుపు మూసేశారు. మెల్లగా చల్లారాలి, మర్నాడు సాయంత్రం దాకా తియ్యకూడదన్నాడు నాన్న. అమ్మ అన్నం గిన్నె మూత తియ్యనివ్వదు చూడండి, అలాగే కాపలా కాశాడు.

బయటికొచ్చింది మసగ్గా, ఎగుడుదిగుడుగా ఉంది. దాన్ని చదును చెయ్యడానికి తడి ఇసక వేసి, మీద ఇంకో అద్దం పెట్టి, గంధం తీసినట్టు గుండ్రంగా అరగదియ్యాలి. అది మా ముగ్గురి చేతులకీ మించిన పని. తర్వాతి ఆదివారం నాన్న దాన్ని చర్చి బేస్‌మెంట్‌కే తెచ్చేశాడు. ఆరాధన అయ్యాక ఆంటీలు కొంగులు బిగించి వంతులేసుకుని అరగదీశారు, గరగరమనే ఆ చప్పుడుకే కీర్తన ఎత్తుకున్నారు, పాస్టర్ గారు కూడా చొక్కా చేతులు మడిచారు. ఆ తర్వాత వారమంతా స్టాన్ అంకుల్ ఇచ్చిన ఎర్రటి ఇనప పొడితో నాన్న నునుపు చేశాడు. వేళ్లు ఎర్రబడి, గోళ్లు ఎర్రబడి, బూట్లకి పాలిష్ పెట్టడం మానేసి మరీ చేశాడు.

ఇక వెండి కావాలి. అమ్మ బీరువా తీసి, గుడివాడ అమ్మమ్మ నాకు చేయించిన చంటిపిల్ల పట్టీలు తెచ్చింది. నాకు భయం వేసింది, అన్నీ మిషిగన్‌వే ఉండాలని టీచర్ చెప్పింది కదా. అమ్మ పట్టీలు నాన్న చేతిలో పెట్టేసింది.

"ఇవి పెట్టుకునే కదే నువ్వీ నేల మీద నడక నేర్చింది" అంది.

నాన్న వాటిని ఆసిడ్‌లో కరిగించి, అమోనియా కలిపి, చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని సింకు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది పంచదార సంగతి. వెండిని అద్దానికి అంటించేది పాకమే, అయితే మామూలు పంచదార ఆ పని చెయ్యదు, కాస్త పులుపు పడి మరగాలి. ఇంకేం, గులాబ్ జామూన్ పాకం గడ్డకట్టకుండా అమ్మ పిండే నిమ్మకాయే. రెండూ కలిపి పళ్లెంలో అద్దం మీద పోస్తే ముందు గోధుమరంగు, తర్వాత నల్లగా. పోయిందే, అంతా పోయిందే అనుకుంటుండగా, ఆ నలుపులోంచి మెరుపు లేచింది. కడిగి, తిప్పి, నాన్న దాన్ని ముందు అమ్మ మొహం దగ్గరే పట్టాడు. నేను ఇంత పచ్చగా ఉన్నానా అంది అమ్మ. అది ఇసకలో ఇనుము, నీది కాదు అన్నాడు నాన్న. ముగ్గురం ఆ పలకంత అద్దంలో ఇరుక్కుని చూసుకుని నవ్వాం. అంత ఆనందం నాకు మళ్లీ ఎప్పుడు కలిగిందో చెప్పలేను.

స్కూల్ రోజున నాన్న పాలిష్ పెట్టిన బూట్లు వేసుకొచ్చాడు. ఇసక నుంచి పంచదార దాకా అన్నీ చెప్పాడు. ఎన్నాళ్లుగా మిర్రర్స్ చేస్తున్నారని టీచర్ అడిగితే, ఇదే మొదటిది అని, బోర్డు మీద పెద్దగా 'అద్దం' అని రాసి నా పొరపాటు కథ చెప్పాడు. పిల్లలంతా ఆ గుండ్రటి అక్షరాలు కాపీ చేసుకున్నారు. అప్పుడు డేవిడ్ చెయ్యెత్తి, మరి వెండి మిషిగన్‌దేనా అని అడిగాడు. నాన్న తన గుడివాడ ఇంగ్లీషులో తాపీగా జవాబిచ్చాడు.

"సిల్వర్ ఈజ్ ఫ్రమ్ గుడివాడ. రూత్ ఈజ్ ఫ్రమ్ మిషిగన్."

డేవిడ్ ఒప్పుకున్నట్టు తలాడించి, అద్దంలో తన పళ్లు చూసుకోవడానికి లైన్లో నిలబడ్డాడు. ఎండాకాలానికి నాన్నని ప్లాంట్‌కి మళ్లీ పిలిచారు.

ఆ ప్లాంట్ ఇప్పుడు లేదు, స్టాన్ అంకుల్ షెడ్డు ఉన్నచోట ఎవరిదో మూడు కార్ల గరాజ్ ఉంది. ఆ బేస్‌మెంట్ ఆంటీల్లో చాలామంది లేరు. నాన్న పోయి ఆరేళ్లయింది. అద్దం వెనక వెండి కూడా ఏటికేడు వదిలిపోతోంది, ఒక మూల అయితే వెనక గోడ రంగు స్పష్టంగా కనబడుతుంది. మొన్న తాళాలు తీసుకుంటూ నా కూతురు ఆగి చూసి, "అమ్మా, ఇది మిర్రర్ కాదు ఇంక, ఆల్మోస్ట్ గ్లాస్ అయిపోయింది" అంది. పొయ్యి మీద పాకం మరుగుతోంది, నా చేతిలో నిమ్మచెక్క. గ్లాస్ అయితే ఏమైందే, మీ తాతయ్య పనిచేసింది దాంతోనే అన్నాను. మన తెలుగులో ఆ రెండిటికీ వేరే వేరే మాటలు లేవని గుర్తు చేశాను. అది వెండి వదిలిన చోట వేలు పెట్టి, వదలని చోట తన మొహం చూసుకుని, అమెరికన్ యాసలో మెల్లగా అంది:

"అద్దమే."