డిలీటమ్మ సంతకం పెట్టలేదు

మడతపెట్టే ఫోన్లంటే మా వదినకి నవ్వు. "మడిచి జేబులో పెట్టుకోవడానికి అదేమన్నా రుమాలా?" అంటుంది. ఫ్రిజ్‌కి కూడా ఇంటర్నెట్ వచ్చిందని నేను వార్త చదివి వినిపిస్తే, "తలుపు తీస్తే లోపలేముందో కనబడుతుందిగా, దానికి నెట్ ఎందుకు?" అంది. ఏదడిగినా జవాబు చెప్పే ఏఐ గురించి ఒకరోజు పావుగంట ఉపన్యాసం దంచాను. చివరిదాకా ఓపిగ్గా విని, "తెలిసినా తెలియకపోయినా తెలుసనే చెబుతుందన్నమాట. ఇంట్లో నువ్వున్నావు, మళ్లీ అదెందుకు మరిదీ?" అంది.

నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండదు? ఈ వీధిలో కంప్యూటర్ల గురించి నాలుగు ముక్కలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పాత కంప్యూటర్లు కొని, దుమ్ము దులిపి, మళ్లీ అమ్మడం నా పని. పొద్దున్నే టెక్నాలజీ వార్తలు చదవందే పళ్లు కూడా తోముకోను. అందుకే జనం నాకు 'అప్‌డేట్' అని పేరు పెట్టారు. వదినకి 'డిలీటమ్మ' అని పెట్టారు. రెండూ వెటకారంగా పెట్టినవే. కాకపోతే ఆమె తన పేరుకి తగ్గట్టు బతికింది.

వదినది జిరాక్స్ షాపు. కాలేజీ గేటు పక్కన ప్రహరీగోడని ఆనుకుని ఉన్న చిన్న గది. గది కాలేజీ వాళ్లదే. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు ఎండలో ఉండాల్సిందే. రెండు ప్రింటర్లు, ఒక కాపీ మిషను, ఒక లామినేషన్ మిషను, ఎప్పుడూ వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. మానిటర్ మాత్రం గుండ్రంగా తిరిగే చెక్క పీట మీద ఉంటుంది. వడ్రంగిని పిలిపించి, కొలతలిచ్చి మరీ చేయించుకుంది. ఎవరైనా ఫోన్లోంచి కాగితం పంపితే ప్రింటు తీస్తుంది, పీట తిప్పి తెర వాళ్లకి చూపిస్తుంది, వాళ్ల కళ్లముందే ఫైలు చెరిపేస్తుంది. ఆ తర్వాత రీసైకిల్ బిన్, ఆ తర్వాత వాళ్లు పంపిన మెసేజీ.

"చూసుకో. పోయిందా?"

"పోయిందండీ."

ఆ మాట అనేదాకా డబ్బులు ముట్టుకోదు. పరీక్ష ఫీజుల రోజుల్లో లైను గేటు దాటి రోడ్డెక్కేది. "పర్లేదు మేడం, తర్వాత చెరుపుదురుగాని" అని పిల్లలు బతిమాలేవాళ్లు. "నీకు పర్లేదేమో. నాకు పర్లేదా?" అని కసిరేది. విసుగెత్తి కొందరు అవతలి వీధి షాపుకి పోయేవాళ్లు. పోతే పోనీ అనేది.

ఈ పిచ్చి పట్టించింది నేనే. ఎనిమిదేళ్ల కిందట వదిన షాపు తెరిచినప్పుడు మొదటి కంప్యూటర్ నేనే ఇచ్చాను. అంతకుముందు మూతపడ్డ ఓ జిరాక్స్ షాపు నుంచి తెచ్చిన మిషను అది. మూడో రోజు కబురు పెట్టింది. వెళ్లేసరికి తెర మీద వరసగా ఎవరెవరివో గుర్తింపు కార్డులు, మార్కుల కాగితాలు, ఫొటోలు, సంతకాలు. అన్నీ ఆ పాత షాపుకి వచ్చినవాళ్లవి. వాటి మధ్యలో, ఒకప్పుడు అక్కడ కాపీలు తీయించుకున్న వదిన ఫొటో. వదిన సంతకం. ఇంకా, ఆమెదే ఒక డాక్టర్ కాగితం.

"ఇది మీ అన్నయ్యకి కూడా చూపించలేదు నేను" అంది. "ఎవడిదో మిషన్లో మూడేళ్లు కాపురం చేసింది."

"ఎవడు చూస్తాడు వదినా!" అన్నాను నవ్వుతూ.

"నేను చూశాగా."

ఆ కాగితంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే మొహం లేదు. ఇకమీదట ప్రతి మిషనూ లోపలి ఫైళ్లన్నీ తుడిచే అమ్ముతానని ఆ రోజు మాటిచ్చాను. మూడు నెలలు నిలబెట్టుకున్నాను కూడా. ఒక్కో మిషను శుభ్రంగా తుడవాలంటే ఐదు గంటలు పడుతుంది. కొనేవాడేమో గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

మానేసింది చాలక, తెలివి ఒలకబోయడం ఒకటి. ఓ రోజు టీ తాగుతూ వదినని ఆటపట్టించాను. "నువ్వు చెరిపేది చెరపడం కాదు వదినా. పుస్తకంలో విషయసూచిక పేజీ చింపినట్టు. లోపలి పేజీలన్నీ అలాగే ఉంటాయి. కావాలంటే చెప్పు, ఐదు నిమిషాల్లో అన్నీ బయటికి లాగుతా." చెప్పి, ఆమె మొహం చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయాను. ఆమె నవ్వలేదు. నేను ఆ మాటే మర్చిపోయాను.

కిందటి వేసవిలో కాలేజీ ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవి పదకొండు నేను కొన్నాను. సూపరింటెండెంటు ఒక కాగితం చేతిలో పెట్టాడు. 'లోపలి సమాచారం పూర్తిగా చెరిపివేయు బాధ్యత నాది, చెరిపి తీసుకున్నాను' అని ఉంది. వ్యాను బానెట్ మీద పెట్టి సంతకం గీకేశాను. మిషన్లు ఎక్కిస్తుంటే వదిన షాపులోంచి తల బయటికి పెట్టింది.

"తుడిచావా అవి?"

"తుడుస్తాలే."

పదిరోజుల తర్వాత మళ్లీ అడిగింది. అప్పటికి పదకొండూ అమ్ముడుపోయాయి.

"తుడిచే అమ్మావా?"

"ఎవడు చూస్తాడు వదినా!"

చేతిలో కాగితాల కట్ట బల్ల మీద పెట్టి నావైపు చూసింది. "ఆ మాట నాతో రెండోసారి అన్నావు" అంది. అంతే, మళ్లీ మిషను వైపు తిరిగింది.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక సోమవారం పొద్దున. షాపు తెరిచి అరగంటయింది. పాస్‌వర్డులు మూడు నెలలకోసారి మార్చడం వల్ల ఏ లాభమూ లేదని ఎవరో తేల్చారట, ఆ వార్త మీద నేను నా అభిప్రాయం సెలవిస్తున్నాను. సూపరింటెండెంటు వచ్చాడు. వెనకాల ఒక అమ్మాయి, ఆమె నాన్న. ఆయన బస్సు డ్రైవరు, డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. అమ్మాయి కళ్లు వాచి ఉన్నాయి.

సంగతేమిటంటే, ఆ అమ్మాయి కార్డు కాపీ పెట్టి ఎవరో సిమ్‌కార్డు తీసుకున్నారు. ఆ నంబరుతో ఎవరో పెద్దాయనకి ఫోన్ చేసి మోసం చేశారు. పోలీసులు నేరుగా అమ్మాయి ఇంటికి వచ్చారు. ఇంకో ఇద్దరు పిల్లల పేర్లతో కూడా అలాంటి సిమ్‌లు బయటపడ్డాయి. ముగ్గురూ ఈ కాలేజీ వాళ్లే, ముగ్గురూ వదిన దగ్గర కాపీలు తీయించుకున్నవాళ్లే.

సూపరింటెండెంటు టైపు చేయించిన కాగితం బల్ల మీద పెట్టాడు. "గొడవ పెద్దది చెయ్యకండమ్మా. మీ షాపు అజాగ్రత్త వల్ల కాపీలు బయటికి పోయాయని ఒప్పుకుని సంతకం పెట్టండి. గది మీకే ఉంచుతాం. పెట్టకపోతే సాయంత్రానికి ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది."

వదిన కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఫోన్లో 'షరతులు చదివాను, ఒప్పుకుంటున్నాను' అని వస్తే నిజంగా కూర్చుని చదివే మనిషి ఆమె.

"నేను చెయ్యనిది చేశానని రాసిచ్చి గది నిలబెట్టుకోవాలా? గది మీది, తీసుకోండి. సంతకం నాది, ఇవ్వను."

"చెరిపినా పోవంటగా అమ్మా!" అన్నాడు డ్రైవరు. "అందరూ అదే చెబుతున్నారు. మీరు చెరిపి చూపించేది ఉత్త నాటకమంటున్నారు."

"నిజమే. ఉత్తినే చెరిపితే పోవు" అంది వదిన. నావైపు తిరిగింది. "మరిదీ, ఐదు నిమిషాల్లో బయటికి లాగుతానన్నావుగా. లాగు. అందరి ముందూ లాగు."

పక్కకి వంగి గొణిగాను. "వదినా, వద్దు. వస్తాయి. అన్నీ వస్తాయి."

"రానీ" అంది గట్టిగా.

పెన్‌డ్రైవ్ పెట్టి, పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాం నడిపాను. ఐదు నిమిషాలు కాదు, నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ కూర్చోలేదు. కాపీల కోసం వచ్చిన పిల్లలు గుమ్మం దగ్గరే ఆగి చూస్తున్నారు. మా వదిన పని అయిపోయిందని నేను నిశ్చయించుకున్నాను. ఎనిమిదేళ్ల కాగితాలు, వేలమంది మొహాలు ఇప్పుడు తెర మీదికి వస్తాయి.

మొదట రెండు ఫైళ్లు లేచి కూర్చున్నాయి. ఒక హాల్‌టికెట్, ఒక బస్సు పాసు. రెండూ ఆ పొద్దున చెరిపినవే. డ్రైవరు ముందుకి వంగాడు. ఆ కిందంతా అర్థంపర్థం లేని అక్షరాలు. కిందికి లాగాను, ఇంకా కిందికి లాగాను. పొట్టు తప్ప గింజ లేదు.

"ఇదేంటి వదినా?"

"ప్రతి ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, డిస్కులో ఖాళీ జాగా మొత్తం మీద చెత్త రాయిస్తున్నా, పాతవాటి ఆనవాలు లేకుండా. ఎలా చెయ్యాలో నెట్‌లో చూసి నేర్చుకున్నా. నువ్వు చెప్పి నవ్వుకుంటూ వెళ్లిపోయావు. నేను కూర్చుని నేర్చుకున్నాను." తెర మీద ఆ రెండు పేర్లూ చూపించింది. "ఇవి వచ్చే ఆదివారం పోతాయి."

ఆదివారాలు సగం షట్టరు చూసి, లోపల కునుకు తీస్తోందనుకునేవాణ్ణి.

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "ఇంకెక్కడన్నా దాచి ఉండొచ్చు."

"ఉండొచ్చని మీరనుకోండి, నేనేం చెయ్యను" అని వదిన అమ్మాయి వైపు తిరిగింది. "నీ కార్డు ఇంకెక్కడిచ్చావమ్మా?"

"ఇక్కడ, ఇంకా... అడ్మిషన్ అప్పుడు ఆఫీసులో. స్కాన్ చేసుకున్నారు."

"మిగతా ఇద్దరూ?"

"వాళ్లూ అంతే ఆంటీ."

"సార్, ఆ స్కాన్ చేసిన మిషన్లేవి?"

"పాతవన్నీ వేసవిలో తీసేశాం" అన్నాడు సూపరింటెండెంటు. నావైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "తుడిచినట్టు సంతకంతో సహా మా ఫైల్లో కాగితముంది."

వదిన బల్ల మీది పెన్నుకి మూత పెట్టి డబ్బాలో వేసింది. నా పేరు ఆమె నోటివెంట రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నిమిషంలో నేను లెక్కలు వేశాను. నోరు మూసుకుంటే పోయేది ఆమె గది. నోరు తెరిస్తే పోయేది నా షాపు, నా పేరు, వీధిలో నా పెద్దరికం. అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ వాళ్ల నాన్న చొక్కా అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ సంతకం నాది" అన్నాను. "తుడవలేదు. పదకొండూ అలాగే అమ్మేశాను."

డ్రైవరు నా కాలరు పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకున్నా బాగుండేది. "ఎందుకు తుడవలేదు బాబూ?" అని అడిగాడు.

"ఒక్కోదానికి ఐదు గంటలు పడుతుందని."

ఆయన నన్నూ, కూతుర్నీ మార్చి మార్చి చూశాడు.

అదే చొక్కాతో పోలీస్ స్టేషన్‌కి వెళ్లి అంతా రాసిచ్చాను. కొన్నవాళ్లందరి ఇళ్ల చుట్టూ తిరిగాను. ఏడు మిషన్లు దొరికాయి. వాటి డిస్కులన్నీ చూశారు. ఒకదాంట్లో పిల్లల కార్డులు బయటికి తీసిన ఆనవాళ్లు ఉన్నాయి, కొన్నవాడు పట్టుబడ్డాడు. అమ్మాయి పేరు కేసులోంచి తీసేశారు. నా షాపుకి ఇప్పుడు బేరాలు సగం కూడా లేవు, ఉన్నవాళ్లు కూడా తుడవడం కళ్లారా చూస్తేగాని కొనరు. నా మానిటర్ కింద కూడా ఒక చెక్క పీట చేరింది.

వారం తర్వాత సూపరింటెండెంటు వదిన దగ్గరికి ఇంకో కాగితం తెచ్చాడు. అపార్థం తొలగింది, ఎవరి మీదా ఫిర్యాదు లేదు అని రాసుంది, కింద వదిన సంతకం పెట్టాలి. వదిన అదీ రెండుసార్లు చదివింది. "కార్డులు పోయింది మీ ఆఫీసు మిషన్లలోంచి. క్షమాపణ రాసి ఆ అమ్మాయికివ్వండి సార్. ఆ కాపీ తెస్తే అప్పుడు చూస్తాను" అంది. ఆయన మూడు రోజులు నాన్చి చివరికి రాసిచ్చాడు. గది వదిన దగ్గరే ఉంది.

ఆ రోజు సాయంత్రం టీ తాగుతూ నేనే కదిపాను. "నా పేరు నువ్వే చెప్పి ఉండొచ్చుగా వదినా. కడుపులో పెట్టుకున్నావు."

"కడుపులో ఏం పెట్టుకోలేదు" అంది, ఒకాయన కార్డు ఫైలు చెరుపుతూనే. "ఇంకొక్క నిమిషం చూసి నేనే చెప్పేదాన్ని. మరిదివైతే నాకేంటి?"

పీట తిప్పింది. "చూసుకోండి, పోయిందా?" అని ఆయన్ని అడిగి, డబ్బులు తీసుకుని, నావైపు తిరిగింది.

"మిగతా నాలుగు మిషన్లూ దొరికాయా?"

లేదన్నాను.

"మరి టీ తాగుతూ కూర్చున్నావేం? లే."