ఆదివారం మధ్యాహ్నం మూతపడే కటింగ్ షాపు

దుమగెటె రేవు దగ్గర, చేపల బజారుకు వెళ్ళే సందు మొదట్లో క్రిసాంతో కటింగ్ షాపు ఉండేది. రెండు కుర్చీలు, అంచులు నల్లబడిన ఓ అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి గోడవారగా ఒక బల్ల. ఆదివారం ఊళ్ళో ఏ కటింగ్ షాపుకైనా పండగే. పొద్దున చర్చిలో పూజ ముగిసిందంటే మగవాళ్ళంతా తలలు తడుముకుంటూ బయల్దేరతారు. క్రిసాంతో మాత్రం భోజనాల వేళకల్లా కత్తెర కడిగి పక్కన పెట్టి, బల్ల మీద ఎంతమంది ఉన్నా లేపేసి తలుపు మూసేవాడు.

"వచ్చిన బేరాన్ని గెంటేసేవాణ్ణి ఈ ఊళ్ళో నిన్నొక్కణ్ణే చూశానురా," అని గొణిగేవాడు సబాస్. రేవులో మూటలెత్తించే మేస్త్రీ అతను, రోజూ వచ్చి కూర్చునే మనిషి.

"పిల్లని సముద్రానికి తీసుకెళ్ళాలి సబాసన్నా. రేపు రా. నీ తల ఎక్కడికీ పోదుగా."

"తల పోదు. ఉన్న నాలుగు వెంట్రుకలూ రేపటికి రాలిపోతేనో?"

"అప్పుడు నీకూ శ్రమ లేదు, నాకూ శ్రమ లేదు."

ఆ పిల్ల పేరు జోవెలిన్. క్రిసాంతో చెల్లెలు ఎదితా కూతురు. కడుపులో ఉండగానే తండ్రి ఓడ మీద పనికని వెళ్ళి, ఇంకో రేవులో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లకి ఇంకా ఏడాది నిండకుండానే ఎదితా హాంకాంగ్ వెళ్ళింది, అక్కడ ఒక ఇంట్లో ఇద్దరు పసిపిల్లల్ని చూసుకునే పనికి. వెళ్ళేరోజు పాలు కట్టిన రొమ్ముల మీద తడిగుడ్డ వేసుకుని, బిడ్డని అన్న చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఓడ ఎక్కింది. అన్నాచెల్లెళ్ళ తల్లి చనిపోయి అప్పటికి చాలాకాలమైంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. అలా పెళ్ళికాని క్రిసాంతో ఒళ్ళోకి పిల్ల వచ్చింది.

ఫెలీసా అనే దర్జీ అమ్మాయితో అతనికి పెళ్ళి మాట అయివుండేది. "పిల్ల కాస్త నడవనీ," అన్నాడు. నడిచింది. "కాస్త మాటలు రానీ," అన్నాడు. మాటలు వచ్చేసరికి ఫెలీసా వేరొకర్ని చేసుకుంది. తప్పు ఆమెది కాదని అందరితో చెప్పేవాడు.

మాటలు వచ్చినప్పుడు జోవెలిన్ మొదట అతన్ని "నాన్నా" అంది. కొన్నాళ్ళు ఊరుకున్నాడు. వినడానికి బాగుండేది. తర్వాత మనసు ఒప్పుకోక ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నాన్నని కాదే, మామయ్యని," అని నేర్పాడు. అది "మామా" దగ్గర స్థిరపడింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ షేర్ జీపులాంటి జీప్నీ ఎక్కి బకోంగ్ వెళ్ళేవాళ్ళు. అక్కడి ఒడ్డున ఇసుక కంటే నల్లటి గులకరాళ్ళే ఎక్కువ. కొబ్బరాకు బుట్టల్లో ఉడికిన అన్నం, దారిలో కొన్న కాల్చిన చేప, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసిన వెనిగర్, ఇంటి యజమానురాలు పిలారక్క అరటాకులో చుట్టి ఇచ్చిన తీపి ముద్దలు. చుట్టూ పెద్ద పెద్ద కుటుంబాలు చాపలు పరుచుకుని, పాటలు పెట్టుకుని, ఒకర్నొకరు కేకలేసుకుంటూ తినేవి. వీళ్ళిద్దరి చాప చిన్నది. అయినా జోవెలిన్ గొంతు ఒక్కటే పదిమంది పెట్టు. ఎండ కొండ వెనక్కి వాలి నీళ్ళ మీద నీడ పడ్డాక, అతను ఆమె పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఈత నేర్పేవాడు.

"వదిలేశావా మామా?"

"లేదే, పట్టుకునే ఉన్నా."

"అబద్ధం! నీ చేతులు రెండూ పైనే ఉన్నాయి!"

అన్నాక గుడుగుడుమని మునిగేది. తేలగానే దగ్గుతూ, నవ్వుతూ, మళ్ళీ వదలమనేది.

ఎదితాకి కూడా ఆదివారమే సెలవు. పొద్దున్నే ఫోన్ చేసేది. "అమ్మే, మాట్లాడు," అని క్రిసాంతో ఫోన్ చెవి దగ్గర పెడితే, పిల్ల ఊరికే ఊపిరి తీస్తూ నిలబడేది. "ఏం మాట్లాడాలి మామా?" అని గట్టిగానే అడిగేది. అవతల ఎదితాకి వినపడేది.

జోవెలిన్ బడిలో చేరిన ఏడు ఎదితా తిరిగి వచ్చేసింది. ఇక వెళ్ళనంది. పెద్ద పెట్టె నిండా గౌన్లు, బూట్లు, చాక్లెట్లు తెచ్చింది. పిల్ల గౌన్లు వేసుకుంది, చాక్లెట్లు తింది, బుద్ధిగా థాంక్యూ చెప్పింది. తర్వాత క్రిసాంతో చొక్కా అంచు పట్టుకుని, "ఈవిడ ఎప్పుడెళ్తుంది మామా?" అని అడిగింది. ఎదితా గిన్నెలు కడుగుతోంది. ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి, మళ్ళీ కదిలాయి.

ఆ ఆదివారం ముగ్గురూ బకోంగ్ వెళ్ళారు. పదిమందికి సరిపడా వండింది ఎదితా. ఒడ్డున ఒక పాక అద్దెకు తీసుకుంది. పిల్లకి ఏది ఇష్టమో తెలియక అన్నీ వడ్డించి ముఖం చూస్తూ కూర్చుంది. తిని నీళ్ళలోకి పరిగెత్తిన జోవెలిన్ కాసేపటికే కెవ్వుమంది. సముద్రపు ముళ్ళపురుగు మీద కాలు వేసింది. కుంటుకుంటూ, ఏడుస్తూ ఒడ్డుకొచ్చింది. ఎదితా లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ చాపింది. పిల్ల ఆ చేతుల పక్కనుంచే దాటుకుని పోయి, "మామా!" అని క్రిసాంతో నడుము చుట్టేసుకుంది.

అతను పాదానికి వెనిగర్ పోసి, గుచ్చుకున్న ముళ్ళు పళ్ళతో తీసి ఉమ్ముతూ, ఒకసారి తల తిప్పి చూశాడు. ఎదితా ఇంకా అలాగే మోకాళ్ళ మీద ఉంది, చేతులు కిందికి దించింది గానీ లేవలేదు. కాసేపటికి వచ్చి ఎవరూ అడగని మామిడిపండు ఒకటి తీసుకుని చెక్కు తీయడం మొదలుపెట్టింది.

తిరుగు జీప్నీలో పిల్ల అతని ఒళ్ళో నిద్రపోయింది. ఎదితా కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "అక్కడి పిల్లలు నేను వచ్చేస్తుంటే నా సంచీ పట్టుకుని ఏడ్చారన్నయ్యా. చిన్నవాడైతే ఎయిర్‌పోర్టు దాకా వచ్చి వదల్లేదు. వాళ్ళమ్మ లాక్కుపోవాల్సి వచ్చింది."

ఆ మాట మీద ఆమెకి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. క్రిసాంతో ఇల్లు చేరేదాకా పిల్ల జుట్టులోంచి ఇసుక దులుపుతూ కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం భోజనాల వేళ దాటినా షాపు తలుపు తెరిచే ఉంది. జోవెలిన్ ఈత గౌను వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మామా, తలుపు ముయ్యి. జీప్నీ వెళ్ళిపోతుంది."

క్రిసాంతో సబాస్ గడ్డం గీస్తున్నాడు. తల ఎత్తలేదు. "ఇవాళ ముయ్యను. పనుంది. అమ్మతో వెళ్ళు."

"నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను."

"జోవెలిన్, వెళ్ళమన్నానా?"

"వెళ్ళనంటే వెళ్ళను!"

అతను కత్తి పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. ఆ మాట వారమంతా గొంతులో తయారుచేసి పెట్టుకున్నాడు. "ఆదివారం ఆదివారం నిన్ను తిప్పడమేనా నా బతుకు? మీ అమ్మ వచ్చిందిగా. ఇకనైనా నన్నొదులు."

బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా విన్నారు. పిల్ల అరవలేదు, ఏడవలేదు. చేతిలో చెప్పులు కింద పెట్టి, ఒక్కోటీ తొడుక్కుని, వెళ్ళిపోయింది.

ముఖం మీద నురగతోనే సబాస్ అన్నాడు: "పసిదాంతో అదేం మాటరా?"

"తల కదపకు సబాసన్నా, తెగుతుంది."

ఆ వారమే తన చాప, దిండు తెచ్చుకుని షాపులో పడుకోవడం మొదలుపెట్టాడు. ఇల్లు ఇరుకని చెప్పాడు. పిలారక్క ఊరుకోలేదు. పొద్దున్నే తీపి ముద్దల బుట్ట చంకన పెట్టుకుని షాపు ముందు నిలబడి దులిపేసింది.

"నీ గుండె రాయి గానీ అయిందా? పిల్ల అన్నం ముట్టడం లేదు. గుమ్మంలో కూర్చుని సందు వైపే చూస్తోంది."

"నాలుగు రోజులు చూస్తుందక్కా, తర్వాత మానేస్తుంది."

"ఏం మనిషివిరా నువ్వు!"

"నేను తప్పుకోకపోతే అది వాళ్ళమ్మ దగ్గరికి చేరదు. ఎదితా మొహం నువ్వు చూళ్ళేదు, నేను చూశాను." అని, ఆమె ఏదో అనబోతుంటే, "ఎవరికీ చెప్పకు. ఎదితాకి అసలే చెప్పకు," అన్నాడు. పిలారక్క బుట్ట కింద దించి కొంగుతో ముఖం తుడుచుకుంది.

అతను అన్నట్టే జరిగింది. అలా జరగడమే అతనికి శిక్ష అయింది. పిల్ల మొదట అతని మీద అలిగింది. తర్వాత ఆ అలక ఎదితా దగ్గర చెప్పుకుంది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఆమె పక్కలో పడుకోవడం అలవాటు చేసుకుంది. వానాకాలంలో ఒకసారి జ్వరం వచ్చింది. తెలిసి క్రిసాంతో మందు సీసా తీసుకుని పరుగున వెళ్ళాడు. తలుపు దగ్గర ఉండగా లోపల్నుంచి గొంతు వినపడింది. "అమ్మా... అమ్మా, ఇక్కడే ఉండు." అతను గడప దాటలేదు. సీసా పిలారక్క చేతిలో పెట్టి, వానలోనే వెనక్కి నడిచాడు.

మరుసటి ఏడాది ఎదితా పెళ్ళి చేసుకుంది. అతని పేరు నెస్తోర్. భార్య పోయిన మనిషి, నెమ్మదస్థుడు, టాగ్బిలారన్‌లో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ముగ్గురూ అక్కడికే వెళ్ళిపోయారు. రేవులో ఎదితా, "మామయ్యకి చెయ్యి ఊపవే," అంటే, జోవెలిన్ ముఖం తల్లి నడుములో దాచుకుంది. తన అన్న పిల్లని చూసి చూసి విసిగిపోయాడనే ఎదితా కూడా అనుకుంది. అందుకని అతని మీద ఆమెకి కాస్త కోపమూ ఉండేది.

ఏళ్ళు గడిచాయి. ఫోన్లు క్రిస్మస్‌కి, పుట్టినరోజుకి వచ్చేవి. క్రిసాంతోకి చెవుల దగ్గర జుట్టు నెరిసింది. రెండో కుర్చీ తీసేశాడు. ఒక నవంబరులో, ఊరి పండగ రోజుల్లో ముగ్గురూ వచ్చారు. జోవెలిన్‌కి అప్పటికి పదిహేడేళ్ళు. మనిషి పొడుగైంది. వంగి, అతని చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది, ఏ పెద్దవాళ్ళ దగ్గరైనా చేసేటట్టే. "బాగున్నారా మామయ్యగారూ?" అంది. ఆ "గారు" విని అతను తడబడి, "ఆ, బాగున్నానమ్మా, కూర్చో," అన్నాడు.

భోజనాల దగ్గర నెస్తోర్ గొప్పగా చెప్పాడు: "బడిలో ఈత పందెంలో మనదే మొదటి స్థానం బావా. చేపంటే చేపే. ఎవరు నేర్పారో గానీ..."

"నాకు గుర్తులేదు," అంది జోవెలిన్ చేప ముళ్ళు ఏరుకుంటూ. "చిన్నప్పుడే వచ్చేసింది. అమ్మే నేర్పి ఉంటుంది. కదమ్మా?"

మోకాళ్ళు దాటి ఏనాడూ నీళ్ళలోకి దిగని ఎదితా నోరు తెరిచింది. ఆమె మాట్లాడేలోపే క్రిసాంతో అందుకున్నాడు. "అవును, మీ అమ్మే. ఎంత ఓపిగ్గా నేర్పిందో!" అని చారు గిన్నె ఆమె వైపు జరిపాడు.

అతను చెయ్యి కడుక్కోవడానికి లేస్తే ఎదితా వెనకే వచ్చింది.

"ఎందుకన్నయ్యా అలా అన్నావు? నిన్న పిలారక్క నాకంతా చెప్పింది. మంచాన పడింది కదా, ఇక దాచలేనని ఏడ్చింది. ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకున్నాను. ఇప్పుడే వెళ్ళి దానికి చెప్పేస్తాను."

"వద్దు."

"దానికి తెలియాలి!"

"ఏం తెలియాలి? ఆరేళ్ళ పిల్లని నలుగురిలో ఛీకొట్టాను. ఆ దెబ్బ మర్చిపోయింది, హాయిగా ఉంది. నువ్విప్పుడు కదిపితే మళ్ళీ నొప్పి. నీ మీద కోపం, నా మీద జాలి. ఆ రెండూ దానికెందుకు?"

"మరి నీకేం మిగిలిందన్నయ్యా?"

అతను చేతులు తుడుచుకున్నాడు. లోపల్నుంచి జోవెలిన్, "అమ్మా, పడవకి టైమవుతోంది," అని పిలిచింది. "వస్తున్నానే," అని ఎదితా కళ్ళు తుడుచుకుంది. వెళ్ళేముందు అన్న భుజం మీద నుదురు ఆనించి, "చెప్పనులే అన్నయ్యా," అంది. ఆ తర్వాత పిల్లకి ఏమీ చెప్పలేదు. అన్నకి మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది.

పిలారక్క ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం రాకుండానే పోయింది. ఆమెని సాగనంపిన తర్వాతి ఆదివారం క్రిసాంతోకి షాపులో చేతులు ఆడలేదు. తలుపు మూసి జీప్నీ ఎక్కాడు. బకోంగ్ ఒడ్డున ఎప్పటిలాగే చాపలు, పాటలు, కేకలు. అతను చెప్పులు విడిచి గులకరాళ్ళ మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. పక్కన ఒక పెద్ద కుటుంబం చేపలు కాలుస్తోంది.

"రా అన్నయ్యా, తిందువుగాని!" అని పిలిచింది ఆ ఇంటి ఇల్లాలు. ఆ ఒడ్డున అందరూ అందర్నీ అలాగే పిలుస్తారు. అందరూ "తిన్నామమ్మా, మీరు కానివ్వండి" అంటారు. క్రిసాంతో కూడా ఆ మాటే అనబోయాడు. ఎందుకో లేచి వెళ్ళి వాళ్ళ చాప అంచున కూర్చున్నాడు. వాళ్ళు కాస్త ఆశ్చర్యపోయి, జరిగి చోటిచ్చారు. ముసలాయన ఒకరు చేప తల అతని ఆకులో వేశాడు.

"ఒక్కడివే వచ్చావా? పిల్లలు లేరా?" అని అడిగింది ఆవిడ.

"ఒక అమ్మాయి," అన్నాడు క్రిసాంతో. "టాగ్బిలారన్‌లో ఉంది, వాళ్ళమ్మ దగ్గర. చదువుకుంటోంది."

"వస్తుంటుందా?"

"దూరం కదమ్మా," అన్నాడు. ఆమె ఇంకాస్త అన్నం వడ్డించింది. అతను తల వంచుకుని తిన్నాడు.