పసుప్పచ్చని తొట్టెల బోల్టులు

మా ఆయన ఇత్తడి పని చేస్తాడు. ఆదోనిలో మా ఇంటి వెనకున్న రేకుల కొట్టమే ఆయన కార్ఖానా. పాత ఇత్తడి, రాగి, జింకు మూసలో కరిగించి కడ్డీలు పోస్తాడు. ఆ కడ్డీలను ముక్కలు చేసి, తలలు సుత్తితో కొట్టి, మిషను మీద మరలు కోసి బోల్టులు చేస్తాడు. పంపుసెట్లకూ స్టార్టరు పెట్టెలకూ చేస్తాడు గానీ, మాకు పేరు తెచ్చినవి తొట్టెల బోల్టులు. బిడ్డలను ఊపే కొయ్య తొట్టెలకు నాలుగు మూలలా గొలుసును పట్టి ఉంచేది ఆ బోల్టే.

నేను బడికి పోయింది తక్కువ. అయినా ఇత్తడి రంగు చూసి అందులో ఏముందో చెప్పగలను. రాగి ఎక్కువైతే ఎర్రబడుతుంది, జింకు పెరిగితే బంగారంలా పసుప్పచ్చగా వస్తుంది. బారసాలకు కొనే తొట్టెలకు బోల్టులు బంగారంలా మెరవాలని పట్టుబట్టింది నేనే. "ఎర్రగుంటే పాత చెంబు మాదిరి కనపడ్తాది, ఎవురు కొంటారప్పా" అనేదాన్ని. ఆయన కాసేపు గొణిగి జింకు ఇంకొంచెం వేసేవాడు. ఆ బోల్టులున్న తొట్టెలలు ఇట్టే అమ్ముడుపోయేవి. నా మాటే నెగ్గిందని లోపల మురిసిపోయేదాన్ని.

పోయిన వానాకాలం ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చింది. మగ్గాలు నేసే వాళ్ళ ఇల్లు. మా బోల్టులున్న తొట్టెల ఒక మూల ఊడి ఒరిగిపోయిందని, బిడ్డ అందులోనే ఉందని చెప్పారు. కింద నూలు మూటలుండబట్టి బిడ్డ వాటి మీద దొర్లింది, దెబ్బ తగల్లేదు. ఆ మాట చివర్న చెప్పారు.

ఇద్దరం బస్సెక్కి పోయాం. మగ్గం గుంట పక్కనే తొట్టెల ఒక మూల ఒరిగి వేలాడుతోంది. ఆ ఇంటి కోడలు నూలు కండెలు చుట్టుకుంటూ, కాలి వేలికి తాడు కట్టుకొని బిడ్డను ఊపుకునేదట. ఇప్పుడు బిడ్డను ఒళ్ళో పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంది.

"నూలు సంచి తగిలిచ్చినాది గొలుసుకు. దీనికి యాడ ఏది పెట్టాల్నో తెలీదు" అంది అత్త, కోడలిని చూపిస్తూ.

"నేను తగిలియ్యలేదత్తా."

"మరి ఇత్తడి ఊరికే ఇరుగుతాదా? పేరు పెట్టిన నాడు రుబ్బుగుండు ఏసి ఊపితిమి. ఏమన్నా అయినాదా?"

మా వైపు బిడ్డను తొట్టెలలో వేసేముందు రుబ్బుగుండును గుడ్డలో చుట్టి, బిడ్డను పడుకోబెట్టినట్టే పడుకోబెట్టి ఊపుతారు. ఆ గుండులా గట్టిగా బతకాలని దీవెన. తొట్టెల బరువు ఆపుతుందో లేదో చూసుకోవడం కూడా అందులోనే అయిపోతుంది. అంత బరువు ఆపిన బోల్టు గుప్పెడు బిడ్డకు ఎట్లా విరిగిందో నాకూ అంతుపట్టలేదు.

కోడలు నా వైపు చూసింది. ఇత్తడి మీది, మీరన్నా ఏదన్నా చెప్పండి అన్నట్టు చూసింది. నేను బిడ్డ కాళ్ళు సవరిస్తూ కూర్చున్నాను. నింద మా కొట్టం మీదికి రాకుండా ఆ పిల్ల దగ్గరే ఆగిపోయిందని నాకు లోపల ఊరటగా అనిపించింది. ఆమె పెట్టిన కాఫీ కూడా తాగాను.

తిరిగి వచ్చే బస్సులో మా ఆయన విరిగిన ముక్కలు అరచేతిలో పెట్టుకొని చూస్తున్నాడు.

"బరువుకు తెగింటే వంగుండాల, సాగుండాల. ఇది గాజు పగిలినట్ల పగిలినాది. ఆ పిల్ల ఏం జేయలేదు."

"ఆ మాట ఆడనే సెప్పొచ్చు గదా?"

"ఎందుకు పగిలినాదో తెలీకుండా ఏమని సెప్పేది? నీకు నోరు లేదా?"

నేను కిటికీ వైపు తిరిగాను. కోడుమూరు వైపు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. విరిగింది కాళ్ళ వైపు మూల. వానలకు ఎండ లేక బిడ్డ ఉచ్చగుడ్డలు ఆ మూల మీదే ఆరేసి ఉన్నాయి. తలుపులు మూసిన ఆ గదిలో కళ్ళు మండే వాసన. చెప్పాను. ఆయన ముక్కలను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. తర్వాత, ఎప్పుడో బర్రెల కొట్టంలో గట్టిగా బిగించిన ఇత్తడి బోల్టొకటి ఇట్లాగే పగిలిందని అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన రకరకాల పాళ్ళలో ఇత్తడి పోశాడు. ఒకదాంట్లో రాగి కొంచెం పెంచి, ఇంకోదాంట్లో ఇంకా పెంచి, మరొకదాంట్లో చిటికెడు తగరం కూడా వేసి బోల్టులు చేశాడు. వాటినీ, పాత పసుప్పచ్చనివాటినీ చెక్కకు గట్టిగా బిగించి, బర్రె ఉచ్చ పోసిన బాన మీద వేలాడదీసి గోనెసంచి కప్పాడు. ఉచ్చ పట్టుకొచ్చే పని నాది. పక్కింటామె గోడ మీంచి చూసింది.

"ఏమక్కా, పాలు మానేసి ఇది పిండుకుంటాండావే?"

"మీ ఇంటికే పంపిస్తాలే, కాఫీకి."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. బాన మీద గోనె ఎత్తిన రోజు మాత్రం నవ్వు రాలేదు. పసుప్పచ్చనివన్నీ మెడ దగ్గర వెంట్రుకంత సన్నగా చీలి ఉన్నాయి. అదే బాన మీద బిగించకుండా ఊరికే వేలాడదీసిన పసుప్పచ్చనివి నల్లబడ్డాయి గానీ పగల్లేదు. ఎర్రగా ఉన్నవాటిలో ఒకటో రెండో తప్ప అన్నీ నిలిచాయి.

"బిగువొకటే ఉంటే ఓర్చుకుంటాది. వాసనొకటే ఉన్నా ఓర్చుకుంటాది. రెండూ కలిస్తే జింకు ఎక్కువున్నది తట్టుకోలేదు. రాయేస్తే తెలీదు ఇది. రాయి ఉచ్చ పోయదు గదా" అన్నాడు.

సుత్తి దెబ్బలకు కూడా బోల్టు లోపల బిగువు మిగిలిపోతుందట. అందుకని ఎర్రపాళ్ళతో చేసినవాటిని వేడి ఇసుకలో కప్పి, మెల్లగా చల్లారనిచ్చి మళ్ళీ బానకెక్కించాడు. ఈసారి ఒక్కటీ పగల్లేదు. అవి పాత చెంబు రంగులోనే ఉన్నాయి. ఆయన నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ బోల్టులు తీసుకొని మళ్ళీ ఎమ్మిగనూరు పోయాం. ఆయన బిగిస్తుంటే నేను అత్త ముందు కూర్చొని, కోడలికి వినపడేటట్టు చెప్పాను. "నూలు సంచి గాదక్కా. ఉచ్చవాసనకు పగిలినాది మా ఇత్తడి."

అత్త కోడలి వైపు తిరిగింది. "గుడ్డలు ఆరేసినాది ఇదే గదా."

కోడలు తల వంచుకుంది. నిజం చెప్పినా నింద ఆ పిల్ల దగ్గరికే పోయింది.

"బిడ్డలు ఉచ్చ పోయక పన్నీరు పోస్తారా అక్కా? తొట్టెలకని సేసిన బోల్టు దానికి ఓర్చుకోవాల్సిందే. మెరుపు గావాలని నేనే జింకు ఎక్కువ ఏపిచ్చినా. ఆ పొద్దు ఈ పిల్లను నువ్వు తిడతాంటే నోరు మూసుకొని కాఫీ తాగిపోయినా. ఈ పిల్ల తప్పేం లేదు."

అత్త లేచి లోపలికి పోయి రుబ్బుగుండు తెచ్చింది. "సరే, ఏసి ఊపు. బిడ్డను పండబెడదువు" అని కోడలికి ఇచ్చింది. బిడ్డను అందులో ఊపుతుంటే చూసి పోవాలని నా ఆశ. అప్పుడే ఇంటికి కాస్త తేలికగా పోగలననుకున్నాను.

కోడలు గుండును తొట్టెలలో వేసింది. బిడ్డ కింద ఉచ్చకు తడిసిన గుడ్డ లాగి కాళ్ళ వైపు బోల్టు చుట్టూ చుట్టింది. ఇంకో తడిగుడ్డ తెచ్చి రెండో బోల్టుకు చుట్టింది.

"ఏం పనే అది?" అంది అత్త.

"వానలు పోయేదాకా ఇట్లనే ఉండనీ అత్తా, ఓర్చుకుంటాదో లేదో సూద్దాం. గుండే పండుకోనీ దాంట్లో." ఆ తర్వాత నా వైపు చూసి, "పెద్దమ్మా, ఏమీ అనుకోవాకు" అంది.

బిడ్డను దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో వేసి, తాడు కాలి వేలికి తగిలించుకొని కండెలు చుట్టడానికి కూర్చుంది. బస్సు వేళయిందని మా ఆయన లేచాడు. గడప దాటుతూ వెనక్కి చూశాను. ఎర్ర బోల్టుల మీద తడిగుడ్డలు చుట్టుకొని, రాయిని మోస్తూ తొట్టెల కదలకుండా ఉంది.