సగం లారీ రాళ్ళు మోసిన జపాన్ బండి

పల్నాడుకు నేను ఊళ్ళు చూడ్డానికి వెళ్ళలేదు, కొన్ని మాటలు అడగడానికి వెళ్ళాను. గుంటూరులో ఒక మహిళా కళాశాలలో చరిత్ర చెబుతాను. తీరిక వేళల్లో ఇంగ్లీషు కాగితాలు తెలుగు చేసి పెడుతుంటాను. రెండేళ్ళ కిందట ఒక జపాన్ కంపెనీ చిన్న లారీలు మన జిల్లాలో అమ్మకానికి వచ్చినప్పుడు, బండితో పాటు ఇచ్చే ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చెయ్యమని డీలరు నన్ను అడిగారు. అసలు పుస్తకం నూట ఇరవై పేజీలు. తెలుగుది పదహారు దాటకూడదు. ఏది ఉంచాలో, ఏది తియ్యాలో నా ఇష్టానికే వదిలేశారు. ఆ కంపెనీ పుట్టుక కథ నన్ను పట్టేసింది. సముద్రం ఒడ్డున నీటి పంపులు చేసే రేకుల షెడ్డు, ఆ తరువాత మూడు చక్రాల బండి, యుద్ధంలో షెడ్డు కాలిపోతే మిగిలిన ఇనుమునే కరగబోసి మళ్ళీ మొదలుపెట్టిన ముసలి యజమాని. నాలుగు పేజీలు దానికే ఇచ్చాను. చోటు చాలక తీసేసిన వాటిలో బరువుల పేజీ ఒకటి. ఎంత ఎక్కించాలి, మించితే బ్రేకులకు ఏమవుతుంది అన్నది అందులో ఉంది. బండి తోలేవాళ్ళకు ఆమాత్రం తెలియదా అనుకున్నాను.

ఈ మార్చిలో రెండో ముద్రణ అన్నారు. బండ్లు కొన్నవాళ్ళను కలిసి అనుభవాలు రాసుకు రమ్మన్నారు. "మంచి మాటలు ఓ పది ఏరుకొస్తే చాలు మేడంగారూ" అని డీలరు నవ్వారు. కాలేజీలో పరీక్షలు నడుస్తున్నాయి, ఆ రోజు నాకు హాలు డ్యూటీ లేదు. ఒక్క రోజులో నరసరావుపేట, మాచర్ల చూసుకుని తిరిగి రావచ్చని బయల్దేరాను.

గుంటూరు నుంచి మాచర్లకు మీటరు గేజి పాసింజరు ఉంది. చౌక, కిటికీ పక్కన చోటు దొరుకుతుంది, కానీ ఎప్పుడు చేరుస్తుందో దానికే తెలియదు. అందుకని ఉదయం ఆరింటి బస్సెక్కాను. నరసరావుపేటకు టిక్కెట్టు ఆరు రూపాయలు, గంటుంబావు ప్రయాణం. పల్నాడు రోడ్డులో సుబ్బారావుగారని ఒక మిర్చి వ్యాపారి ఉన్నారు. గోతాలు యార్డుకు చేర్చుకోవడానికి ఈ బండి కొన్నారు. నన్ను వాకిట్లోనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, బండిని పెళ్ళికూతుర్ని చూపించినట్టు చుట్టూ తిప్పి చూపించారు. చలికాలం తెల్లవారుజామున కూడా ఒక్క సెల్ఫుకే లేస్తుందట. డీజిలు పెద్ద లారీ తాగేదాంట్లో సగం కూడా తాగదట. చెడ్డ మాటలు కూడా దాచలేదు. క్లచ్చి ప్లేటు పోతే మద్రాసు నుంచి రావడానికి మూడు వారాలు పట్టిందనీ, సరిగ్గా మిర్చి సీజన్లో బండి చెట్టు కింద నిద్రపోయిందనీ చెప్పారు. ఇంజను సీటు కిందే ఉండటం ఆయనకు అసలు నచ్చలేదు.

"జపానోడికి మన ఎండాకాలం సంగతి తెలవదమ్మా. ఆ సీటు మీద అట్టు పోసుకోవచ్చు" అన్నారు.

ఎంత బరువు వేస్తారని అడిగాను. మిర్చి కాటా మీద అమ్మే సరుకు కాబట్టి తన బండిలో ఎన్ని కిలోలున్నాయో తనకు ఎప్పుడూ తెలుస్తుందన్నారు. మూడు టన్నులు దాటనివ్వనని, దాటితే స్టీరింగు చేతికి బరువొస్తుందని చెప్పారు. నా పుస్తకంలో ఆ సంగతి లేకపోయినా ఈయనకు తెలుసు. నాకు కొంత ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం మధ్యాహ్నం దాకా ఉంది.

తొమ్మిదిన్నరకు మాచర్ల బస్సు దొరికింది. పిడుగురాళ్ళలో పది నిమిషాలు ఆగుతుంది. సున్నపు బట్టీల పొగ బస్సులోకి వస్తుంది కాబట్టి కొంగు అడ్డం పెట్టుకోండి. దాచేపల్లి దగ్గర సిమెంటు లారీలు రోడ్డు నిండా నిలబడి ఉండటంతో అరగంట పోయింది. గురజాల, రెంటచింతల దాటి మాచర్ల చేరేసరికి ఒంటిగంట. బస్టాండుకు ఎదురుగా ఒక మెస్సులో ఐదు రూపాయలకు భోజనం. గోంగూర పచ్చడి బాగుంది, మంచినీళ్ళు మాత్రం ఉప్పగా ఉన్నాయి. అక్కడి నుంచి నాపరాళ్ళ డిపోల దాకా రిక్షా రెండు రూపాయలు.

డీలరు ఇచ్చిన చీటీలో రెండో పేరు ఆంజనేయులుగారిది. ఆయనకు రాళ్ళ డిపో ఉంది, ఈ జపాన్ బండ్లు రెండు కొన్నారు. డిపోలో ఒకటే కనిపించింది. నేనెవరో చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. లోపలికి వెళ్ళి నా పదహారు పేజీల పుస్తకం తెచ్చారు. అట్ట నలిగి, అంచులు నల్లబడి ఉంది. పంపుల షెడ్డు, మూడు చక్రాల బండి, కాలిన ఇనుము, అన్నీ ఆయనకు నోటికొచ్చు. బండి కొత్తలో డిపోలో అందరినీ కూర్చోబెట్టి తనే చదివి వినిపించారట. నా వాక్యాలు ఆయన నోట వింటుంటే గర్వపడ్డాను. అది దాచుకోను.

రెండో బండి ఏమైందని అడిగాను. నాలుగు నెలల కిందట నాగార్జునసాగర్ ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడిందన్నారు. డ్రైవరు కోటయ్య పోయాడు. రాళ్ళ మీద కూర్చుని వెళ్ళిన ముఠా కూలీలు ఇద్దరూ పోయారు. బండిది తప్పేమీ లేదని, కోటయ్య తాగి ఉన్నాడని, పోలీసులు కూడా డ్రైవరు అజాగ్రత్త అనే రాసుకున్నారని చెప్పారు. నేను లోడు సంగతి అడిగాను.

"లారీ తొట్టిలో సగముంది దీని తొట్టి. లారీకి ఎత్తే రాయిలో సగం ఎత్తాం. ఇందులో తప్పేంది?"

నాపరాయిని తూచరు. పలకల వైశాల్యం కొలిచి చదరాల లెక్కన అమ్ముతారు. పలకల్ని నిలువుగా వరసలు పేర్చి, తొట్టిలో ఎన్ని వరసలు పడితే అన్ని ఎత్తుతారు. ఆ డిపోలో కాటాయే లేదు. లారీలో సగం అంటే ఆరేడు టన్నులని నేను మనసులో లెక్కవేసుకున్నాను. ఆర్సీ మీద బరువు రాసి ఉంటుంది కదా అంటే, ఆ అంకె బ్రేకు ఇన్‌స్పెక్టరు కోసమని, రాళ్ళ లెక్క వేరని తేల్చేశారు. బండి కుంగలేదని, తొట్టి బరువును మోసే స్ప్రింగులకు, వెనక కమాన్ కట్టలకు, రెండు పట్టీలు ఎక్కువ వేయించానని కూడా చెప్పారు. కాలిపోయిన షెడ్డులోంచి లేచినవాడు చేసిన బండి ఆమాత్రం మొయ్యదా అన్నారు.

గేటు బయట ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి, రాతి దుమ్ము మోచేతుల దాకా ఉంది. కంపెనీ నుంచి వచ్చింది నేనేనా అని అడిగింది. కోటయ్య భార్య సామ్రాజ్యం. పక్క డిపోలో పలకలు మోస్తోంది. తన వీధిలో నాలుగు నెలల నుంచి ఎవరూ తనతో మాట్లాడటం లేదని, చనిపోయిన కూలీలిద్దరిదీ అదే వీధి అని, బోరింగు దగ్గర తన బిందె కాలితో తోసేస్తున్నారని చెప్పింది. నీ మొగుడు తాగి మా పిల్లల్ని చంపాడని అంటున్నారట. కోటయ్య తాగుతాడా అని అడిగాను.

"ఆదివారం తాగుతాడు. అది మంగళారం. నాకు డబ్బులొద్దమ్మా, కేసులొద్దు. ఆ మడిసి బ్రేకు తొక్కాడా, తొక్కలేదా? చదూకున్నోళ్ళు ఎవరన్నా ఆ ఒక్క మాట చెప్తే చాలు."

ఆ ఒక్క మాట నాకు తెలియదు. తెలిసినవాడు ఎవరైనా ఉంటే బండి విప్పినవాడే అయ్యుండాలి. ఆమే నన్ను డిపో వెనకున్న ఖాసిం షెడ్డుకు తీసుకెళ్ళింది. ఖాసిం యాభై దాటిన మెకానిక్. లోయలోంచి లాగిన బండి ముద్దయి ఆయన షెడ్డు పక్కనే పడి ఉంది. ఆమెను చూసి ఆయన చేతిలో పానా కింద పెట్టాడు. కోటయ్య బ్రేకు తొక్కాడా అని అడిగాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక బ్రేకు లైనరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. చక్రం లోపల డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే పట్టీ అది. బొగ్గులా మాడిపోయి, వేలు పెడితే పొడి రాలుతోంది.

"నాలుగు చక్రాలయ్యీ ఇట్టాగే ఉన్నయ్ మేడమ్. తొక్కని బండికి మాడవు. ఘాట్ దిగినంతసేపూ తొక్కుతానే ఉన్నాడు, అది ఆగలా" అన్నాడు. ముద్దయిన బండి వైపు చూపించి, "ఆ కమాన్ పట్టీలు ఏసింది నేనే. కుంగకుండా చేయమన్నారు, చేశా. కుంగలేదు కాబట్టి బరువు లేదనుకున్నారు. బ్రేకుకి నేనేం వేస్తాను?" అన్నాడు.

సామ్రాజ్యం ఏడవలేదు. ఈ మాట మా వీధిలోకొచ్చి చెప్పమని ఆయన్ని అడిగింది. ఆంజనేయులుగారి బండ్లన్నీ తన షెడ్డుకే వస్తాయని, తను రాలేనని, లైనరు కావాలంటే తీసుకెళ్ళమని అన్నాడు. ఆమె నా వైపు చూసింది. గుంటూరుకు సాయంత్రం బస్సు ఐదున్నరకు. అప్పటికి నాలుగయింది.

కూలీల వీధి డిపోలకు పావుగంట నడక. దారిలో బరువుల పేజీ సంగతి ఆమెకు చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. రాయలేదా అని మాత్రం అడిగింది. రాయలేదన్నాను. పిచ్చమ్మ ఇంటి ముందు ఆమె ఆగిపోయింది. చనిపోయిన కూలీల్లో ఒకడు పిచ్చమ్మ కొడుకు. గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న ఆ ముసలామె నన్ను చూసింది, నా వెనక ఉన్న సామ్రాజ్యాన్ని చూడనట్టు తల తిప్పుకుంది. నేను నిలబడే చెప్పాను. లైనరు చూపించాను. కోటయ్య తొక్కాడని, బరువు ఎక్కువై బండి ఆగలేదని, ఎంత బరువు వెయ్యాలో చెప్పే పేజీని పుస్తకంలోంచి తీసేసింది నేనేనని చెప్పాను. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అప్పటికి బయటికి వచ్చి నిలబడ్డారు. పిచ్చమ్మ లైనరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నల్లటి పొడి ఒళ్ళోని చేటలో బియ్యం మీద రాలింది.

"అంటే తొక్కాడా" అంది, ఎవరినీ చూడకుండా.

తొక్కాడన్నాను.

"ఇన్నాళ్ళూ వాణ్ణి తిట్టుకుంటా లేస్తన్నా, వాణ్ణి తిట్టుకుంటా పడుకుంటన్నా. ఇప్పుడు వాడు కూడా కాదంటే నేనెవర్ని తిట్టుకోవాల?"

నన్ను తిట్టమన్నాను.

"నిన్నా? నువ్వు సాయంత్రం బస్సెక్కి పోతావు. తిడితే ఇనపడే మడిసి కావాల నాకు."

చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు. లైనరు కూడా తిరిగి ఇవ్వలేదు. సామ్రాజ్యం నన్ను బస్టాండు దాకా సాగనంపింది. రేపు బోరింగు దగ్గర ఎట్టా ఉంటుందో చూడాలంది, అంతే. ఆ రేపు ఎలా గడిచిందో నాకు తెలియదు.

మాచర్ల నుంచి గుంటూరుకు నాలుగు గంటలు, టిక్కెట్టు పదహారు రూపాయలు. దారంతా నన్ను నేను సమర్థించుకోవడానికే చూశాను. ఆ పేజీ ఉన్నా ఆంజనేయులుగారు సగం లారీ రాళ్ళే ఎత్తేవారని, ఆర్సీ మీది అంకెనే లెక్కచెయ్యని మనిషికి నా పేజీ ఒక లెక్కా అని అనుకున్నాను. కానీ నేను రాసిన నాలుగు పేజీల చరిత్ర ఆయన డిపోలో అందరికీ చదివి వినిపించారు, వాళ్ళు నమ్మారు. ఐదో పేజీలో బరువుల సంగతి ఉండి ఉంటే ఆ గొంతు అదీ చదివేది కాదని నేనెలా అనుకోను? అప్పుడు కోటయ్య కూడా వినేవాడు. బండి ఎక్కనని అనేవాడో, కూలి కోసం ఎక్కేవాడో తెలియదు. ఒకే బండి, ఒకే కంపెనీ. కాటా మీద అమ్మే సరుకు మోసినచోట మెప్పు పొందింది, చదరాల్లో అమ్మే సరుకు మోసినచోట ముగ్గుర్ని చంపింది. డీలరుకు పది మంచి మాటలు ఇవ్వలేదు. బరువుల పేజీ తెలుగు చేసి ఇచ్చాను, చోటు కోసం చరిత్ర తీసెయ్యమన్నాను. చరిత్ర తీసేస్తే చదివేదెవరండీ అన్నారు. చూద్దామన్నారు. ఈ మాట రాసేనాటికి ఇంకా చూస్తూనే ఉన్నారు.

మాచర్ల దాకా వెళ్ళినవాళ్ళు చాలామంది సాగర్ డ్యామ్ కూడా చూసి వద్దామనుకుంటారు. బస్సులు తక్కువ, అందుకని రాళ్ళ బండ్లవాళ్ళు రెండు రూపాయలకు లోడు మీద ఎక్కించుకుంటారు. ఎక్కకండి. వెనక చక్రాల మీద తొట్టి కుంగలేదని చూసి మోసపోవద్దు. బస్సు రాకపోతే ఆ రోజుకు డ్యామ్ చూడకుండానే వెనక్కి తిరగండి.