బావ పెట్రోలు ట్యాంకు

మొన్న ఆదివారం కెనడా సరిహద్దుకు దగ్గరి ట్రాయ్‌లో మా ఇంటికి దగ్గర్లో పాత రేసు కార్ల ప్రదర్శన పెడితే, మోకాళ్లు మొరాయించే నా ఈడువాళ్లందరిలాగే నేనూ వెళ్లి, పెయింటూ ఇంజనూ వదిలేసి, ఒక్కొక్క డిక్కీలోకి తలదూర్చి పెట్రోలు ట్యాంకులు చూస్తూ తిరిగాను. ఓనర్లు నన్ను దొంగనుకునే ఉంటారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేను అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. బావ వారమంతా బుద్ధిమంతుడైన ఇంజనీరు. శనివారం వచ్చిందంటే గరాజ్‌లోని, తిన్నటి దారిలో ఒక్క ఉదుటున దూసుకుపోయే డ్రాగ్ రేసు కారుకు పరమభక్తుడు. అది ఎంత పాతదంటే రాక్షసబల్లులు దానిమీదే డ్రైవింగ్ నేర్చుకుని ఉంటాయి. స్టార్ట్ చేస్తే నది అవతల కెనడాలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. డిక్కీలోని ట్యాంకుకీ డ్రైవరుకీ మధ్య రేకుగోడ ఉండాల్సిందేనని ట్రాక్ దగ్గర తనిఖీ చేసే పెద్దమనిషి తిప్పి పంపితే, బావ తిండీ నిద్రా మరిచి, చీమ దూరే సందైనా లేకుండా ఆ గోడ కట్టాడు.

ఇక మిగిలింది ఒక్కటే. కారు ముందుకు దూకగానే పెట్రోలంతా ట్యాంకు వెనక్కి పోయి ఇంజనుకు అందదు కనక, వెనకవైపు అడుగున చిన్న గిన్నెలాంటిది వెల్డింగ్ చేసి అతకాలి. ట్యాంకు ఊడదీసి, సబ్బునీళ్లతో కడిగి, మా వీధి ఎండంతా దానికే తాగించాడు. ఖాళీ ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి ఉంటుందని ఆయనకు తెలియక కాదు, పోయిందనుకున్నాడు, అంతే.

అక్కకు అప్పుడు వేవిళ్లు. ఆ శనివారం పొద్దున గరాజ్ తలుపు దగ్గర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏమండీ, ఇంకా పెట్రోలు కంపు కొడుతోంది, ఇవాళ్టికి ఆపెయ్యండి" అంది.

"నిన్న పోపు కంపు, మొన్న నా సబ్బు కంపు! నీ ముక్కు మాట వింటే రేపు ట్రాక్ దగ్గర టెక్ ఇన్‌స్పెక్షన్ మిస్ అవుతాను తల్లీ" అన్నాడు బావ. అక్కతో సహా ముగ్గురం నవ్వుకున్నాం.

అక్కా నేనూ వంటింట్లో కాఫీ కలుపుకుంటుండగా, గరాజ్‌లో వెల్డింగ్ నిప్పురవ్వకు ట్యాంకు పేలింది. ఆ మోతను పెంచి చెప్పడం మాత్రం నాకు చేతకాదు. అంబులెన్స్ వచ్చేసరికే బావ లేడు. పక్కనే ఉన్న కారు చెక్కుచెదరలేదు. ప్రాణం కాపాడుకోవడానికి ఆయన కట్టుకున్న రేకుగోడ మీద గీతైనా పడలేదు.

ఇప్పుడు రూల్స్‌కు సరిపడే ట్యాంకులు రెడీమేడ్‌గా అట్టపెట్టెలో ఇంటికే వస్తున్నాయి. తండ్రిని చూడని నా మేనకోడలు కాలేజీ చదువు కూడా ముగించింది. వేవిళ్ల ఆడవాళ్లు ఏం వాసనొస్తోందన్నా నవ్వేసే తరం మనది. అక్క ఆ తర్వాత ఎన్నడూ, ఎవరితోనూ, కంపు కొడుతోందని అనలేదు. మాటల మధ్యలో తనే లేచి వెళ్లి, స్టవ్ కట్టేసి ఉందో లేదో చూసుకుని, మళ్లీ వచ్చి కూర్చుంటుంది.